ఊయల బల్ల

పిండే యంత్రం ఆగిపోయింది. పోయినవారం ఈ కథను మనం అక్కడే ఆపాం. ఆస్పత్రుల దుప్పట్లూ హోటళ్ల దుప్పట్లూ ఉతికే ఆ లాండ్రీలో, తడిబట్టల్లోంచి నీరు పిండి పారబోసే ఇనప డొల్ల పొద్దున్నే మోత ఎత్తుకుంటే మళ్లీ పొద్దువాలేదాకా దించదు. అలాంటిది ఆ పూట ఒక్కసారిగా గొంతు పట్టేసినట్టు మూగబోయింది. మెకానిక్ దాని కడుపులో చెయ్యిపెట్టి, అరిగిపోయిన బేరింగు ఒకటి ఊడబీకి, అలాంటిదే తెస్తానని బజారుకు పోయాడు. ఆ యంత్రం పక్కనే ఉన్న బల్ల దగ్గర అతని పెళ్లాం, ఎనిమిదో నెల పడిన మనిషి, దుప్పటి కొసలు రెండూ పట్టుకుని నిలబడిపోయింది. చుట్టూ చప్పుడు పోయింది. తన కడుపులో కూడా చప్పుడు లేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఆమెను అక్కడ అందరూ పిచ్చుక అంటారు. సన్నగా, చురుగ్గా ఉంటుందని పెట్టిన పేరు. ఇప్పుడు నడక చూస్తే ఆ పేరు పెట్టినవాళ్లకే నవ్వొస్తుంది.

దుప్పటి రెండో పక్క పట్టుకున్నది ఆమె వదిన, మొగుడి అక్క. మడతల పనికి ఆవిడే పెద్ద. పెద్ద దుప్పటి ఒక్కరు మడిచేది కాదు. ఇద్దరు చెరో పక్కా పట్టి, ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసకు కొస కలపాలి. ఈ నడుమ ఇద్దరూ దగ్గరకొచ్చేసరికి చేతులకన్నా ముందు పిచ్చుక కడుపే వదినకు తగులుతోంది. తగిలినప్పుడల్లా వదిన, "ఏం మేనల్లుడా, అత్తని తోసేస్తావా?" అని ఒక పరాచికమాడి మడత అందుకునేది.

ఈసారి పిచ్చుక నడవలేదు.

"ఏమే, దుప్పటి పట్టుకుని అక్కడే ఆరబెడతావా?" అంది వదిన.

"కదలడం లేదు వదినా."

"మా తమ్ముడి చేతిలో పడ్డాక ఇంకేం కదులుతుంది? రేపటిదాకా మనకు సెలవే."

"యంత్రం కాదు."

వదిన చేతిలో దుప్పటి జారింది. ఉతికిన దుప్పటి నేల తాకితే కూలివాళ్ల మీద ఇంతెత్తున లేచే మనిషి, దాన్ని తొక్కుకుంటూనే వచ్చి పిచ్చుక కడుపు మీద చెయ్యి వేసింది. ఒక పక్క వేసింది, రెండో పక్క వేసింది. అరచెయ్యి తీసి చెవి ఆనించింది. చుట్టూ ఆడవాళ్లు మూగారు. ఒకావిడ చల్లటి నీళ్లు తాగమంది. ఇంకొకావిడ చక్కెర నీళ్లంది. పిచ్చుక రెండూ తాగింది.

"పొద్దున కదిలిందన్నావుగా?" అంది వదిన.

"అన్నాను."

"నిన్న?"

"నిన్నా అన్నాను."

"నువ్వు అన్నది సరే. కదిలిందా?"

పిచ్చుక బల్ల వైపు చూసింది.

ఆ బల్లను అక్కడి ఆడవాళ్లు ఊయల బల్ల అంటారు. యంత్రాన్ని బిగించిన సిమెంటు గట్టుకే దీని కాళ్లనూ బిగించారు. యంత్రం తిరిగినంతసేపూ బల్ల సన్నగా వణుకుతూ ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషి నెలలు నిండుతున్నకొద్దీ ఆమెను ఆవిరి బాయిలరు దగ్గర్నించి తప్పించి, ఈ బల్ల దగ్గరకు మార్చడం ఆ లాండ్రీలో ఎప్పట్నించో ఉన్న మర్యాద. ఎత్తు సరిపోతుంది, వంగక్కర్లేదు, బరువైన పొట్టను అంచుకు ఆనించుకోవచ్చు. ఆ వణుకుకు అలవాటుపడ్డ పిల్లలు పుట్టాక ఉయ్యాలలో వెయ్యగానే నిద్రపోతారని ఒక నమ్మకం కూడా ఉంది. వదిన పిల్లలు ముగ్గురూ అలా పెరిగినవాళ్లే. ముగ్గురూ గుండ్రాళ్లలా ఉంటారు, పిడుగు పడినా లేవరు.

పిచ్చుకను కూడా వదినే మురిసిపోతూ తీసుకొచ్చి అక్కడ నిలబెట్టింది. అప్పట్నించీ పిచ్చుక పొట్ట ఆ అంచుకు ఆనే ఉంది.

ఆమె ఇప్పుడు వెనక్కి వెళ్లి ఒక్కో కదలికనూ చేత్తో పట్టి చూసుకోవడం మొదలుపెట్టింది. ఇది బల్లదా, బిడ్డదా? సన్నగా గిలిగింత పెట్టినట్టుండేది, అది బల్ల. యంత్రం ఒక వాయి అయిపోయి వేగం తగ్గేటప్పుడు డొల్ల నాలుగైదుసార్లు ధబ్‌ధబ్‌మని కొట్టుకుంటుంది. నిన్న అలా కొట్టుకున్నప్పుడే కదా ఆమె పొట్ట నిమురుకుని, తన్నాడు చూడు వదినా, అని నవ్వింది! మొన్న కూడా అప్పుడే నవ్వింది. ఆమె నవ్విన ప్రతిసారీ వెనకాల యంత్రం వేగం తగ్గుతూనే ఉంది.

సెలవురోజున మాత్రం అది బిడ్డే. మంచం మీద పడుకుంటే పొట్ట మీద చీర టపటపా ఎగిరింది. లోపల ఎక్కిళ్లు వస్తున్నాయని, ఆ నెలకి అది మామూలేనని పోయినసారి నర్సమ్మ చెప్పింది. మొగుడు పక్కన కూర్చుని ఎక్కిళ్లకు తాళం వేశాడు. దాని తర్వాత ఏముంది? ఆలోచించేకొద్దీ ఆమెకు తన బాధలే గుర్తుకొచ్చాయి. అన్నం తింటే ఛాతీలో నిప్పు పెట్టినట్టు మంట. పడుకుంటే ఆ మంట గొంతుదాకా ఎగదన్నుతుందని గోడకు చేరగిలబడి కునుకు తీయడం. కళ్లు మూతపడ్డాయో లేదో పిక్క పట్టేసి కెవ్వుమనడం, మొగుడు లేచి మడమ పట్టుకుని పాదాన్ని వెనక్కి వంచడం. గుక్కెడు నీళ్లు తాగితే మళ్లీ బయటికి పరుగు. సాయంత్రానికి పాదాలు పొంగి చెప్పుల్లో పట్టకపోవడం. రెండు మెట్లెక్కితే ఆయాసం. ఇన్ని బాధలు ఒకేసారి నోళ్లు విప్పి గోల పెడుతుంటే, నోరు మూసుకున్న ఆ ఒక్కటి సంగతి ఆమె పట్టించుకోలేదు.

"గుర్తు లేదు వదినా," అంది.

"నిద్రపోతున్నాడేమోలే. ఊయల బల్ల పిల్లలు మొద్దునిద్ర పోతారు. కాసేపు ఎడమ పక్కకు తిరిగి పడుకో, నేను..."

"వ్యాను తియ్యమను."

మూలన కుట్టుమిషను ముందు కూర్చుని చినిగిన దుప్పట్లకు అతుకులు వేసే అత్త లేచి నిలబడి ఉంది. ఆవిడ మామూలుగా దేనికీ కంగారుపడే రకం కాదు. జ్వరమొస్తే చెమట పడితే తగ్గుతుందంటుంది, తలనొప్పి వస్తే పని చేస్తే పోతుందంటుంది.

"అమ్మా, ఉండు, ఒక్క ఘడియ చూసి..."

"నీ బల్ల కబుర్లు నా దగ్గర చెప్పకు. వెళ్లి వ్యాను తలుపు తియ్యి. తమ్ముడు రాగానే వెనకాలే పంపు."

వదిన తల్లి ముఖంలోకి చూసింది. ఇంకో మాట అనకుండా వాకిట్లోకి పరిగెత్తింది.

*

ఉతికిన బట్టలు ఆస్పత్రికి చేరవేసే వ్యాను అది. లోపల కూర్చోను బెంచీ లేదు. మడిచి మూటలు కట్టిన దుప్పట్ల మీద పిచ్చుకను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. అత్త మూటల మధ్య ఇరుక్కుని కూర్చుని కోడలి తల ఒడిలో పెట్టుకుంది. వెనక తలుపు మూసుకోగానే లోపల సబ్బూ ఇస్త్రీ కలిసిన వెచ్చటి వాసన. ముందు డ్రైవరుకూ వీళ్లకూ నడుమ రేకు గోడ.

వ్యాను కదిలింది. పిచ్చుక వెంటనే అరిచింది.

"ఆపమనండి అత్తయ్యా! ఊగుతుంటే నాకేం తెలీడం లేదు. కదిలినా తెలీదు నాకు!"

"ఆపితే ఆస్పత్రికి ఎలా వెళ్తాం? నువ్వేం చూసుకోకు. నేను చూస్తున్నా."

అత్త అరచెయ్యి కోడలి పొట్ట మీద ఉంది. ఒకచోట నిలవడం లేదు. బొడ్డు కింద ఒత్తుతుంది, పక్కటెముకల కింద ఒత్తుతుంది, చీకట్లో పోయిన సూదిని వెతుకుతున్నట్టు వేళ్లు పాకుతున్నాయి. పిచ్చుక ఆ చేతినే చూస్తూ పడుకుంది. లాండ్రీలో చేరిన నాటినుంచీ ఆ చెయ్యి ఆమెకు తెలుసు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఈ వయసులో కూడా వణకదు.

"మీరెందుకింత భయపడుతున్నారు అత్తయ్యా?"

"నాకేం భయం?"

"మీ చెయ్యి వణుకుతోంది."

"వ్యాను వణుకుతోంది."

"వ్యాను ఆగి ఉంది అత్తయ్యా."

నిజమే. నాలుగు దారుల కూడలిలో ఆగి ఉంది. బయట హారన్లు మోగుతున్నాయి. అత్త చెయ్యి వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. వ్యాను మళ్లీ కదిలాక అడిగింది.

"మీ వదినకు ముందు నాకొకటి పుట్టి పోయిందని విన్నావుగా?"

"విన్నాను."

"పుట్టి పోలేదు. పోయి పుట్టింది."

అత్త రేకు గోడను చూస్తూ చెబుతోంది. గొంతులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

"నన్నూ అక్కడే నిలబెట్టారు. నేనూ పొట్ట ఆనించుకుని మడతలు వేశాను. ఎవరడిగినా, బ్రహ్మాండంగా కదులుతోందని చెప్పాను. నాకలాగే ఉండేది మరి. ఒకరోజు ఎందుకో కరెంటు పోయి యంత్రం ఆగింది. అప్పుడు తెలిసింది. ఆస్పత్రికి వెళ్తే, ఎన్నాళ్లయిందమ్మా అని అడిగారు. నేనేం చెప్పను? ఎన్నాళ్లనించి ఆ బల్లని మోస్తున్నానో నాకేం తెలుసు? కదిలింది బల్ల. నా బిడ్డ ఎప్పుడో వెళ్లిపోయింది."

పిచ్చుక మోచేయి ఆనించి మెల్లగా లేచింది. అత్త ఒడిలోంచి తల తీసేసింది.

"తెలిసీ నన్నక్కడ నిలబెట్టారా?"

"నేను నిలబెట్టలేదు. మీ వదిన..."

"వదినకు తెలీదు! మీకు తెలుసు. రోజూ ఎదురుగా కూర్చుని కుట్టుకుంటూ నన్ను చూస్తూనే ఉన్నారు. ఒక్క మాట. 'అక్కడొద్దమ్మా, ఇటు రా.' ఒక్క మాట అనలేకపోయారా?"

"దాని పిల్లలు ముగ్గురూ అక్కడే పెరిగారు. ఏమీ కాలేదు. బల్ల ఎవర్నీ చంపదమ్మా. నా దాన్నీ చంపలేదు. దానికేదో వచ్చింది, అది పోయింది. బల్ల అబద్ధం చెప్పింది, నేను నమ్మాను."

"అదే చెప్పొచ్చుగా!"

"ఎవరికి చెప్పను? ఏమని చెప్పను?" అత్త మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "కడుపులో బిడ్డ చచ్చిపోతే కనుక్కోలేని తల్లినని చెప్పనా? మీ మామయ్యకే చెప్పలేదు. పుట్టి, ఒక్క ఏడుపు ఏడ్చి పోయిందని చెప్పాను. ఆ ఏడుపు ఎలా ఉందని ఆయన ఎన్నిసార్లు అడిగాడో! అడిగినప్పుడల్లా ఒక ఏడుపు కల్పించి చెప్పాను. ఆయన పోయేదాకా చెప్పాను."

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అందుకే రోజూ నిన్ను అడిగాను. పొద్దున అడిగాను, సాయంత్రం అడిగాను. కదులుతోందా అమ్మా, కదులుతోందా అని. నువ్వు ఔనన్నావు. ఔనంటే నాకు ప్రాణం లేచొచ్చేది."

"మీరు అడగడం విసుగుపుట్టి ఔననేదాన్ని," అంది పిచ్చుక. అనేశాక రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "నాకు తెలిసి అనలేదు అత్తయ్యా. అడుగుతున్నారు కదా అని అనేశాను."

మూటల మీద చెరో పక్కకు ముఖం తిప్పుకుని, ఇద్దరూ ఆ ఒక్క పొట్టనే పట్టుకుని కూర్చున్నారు. పిచ్చుక లోలోపల బతిమాలుకుంటోంది. కదులు నాన్నా. ఒక్కసారి. కాలితో కాకపోతే వేలితో. ఒక్కసారి కదులు.

*

కాన్పుల వార్డులో మంచం మీద పరిచిన దుప్పటికి మడత గీతలు ఇంకా పోలేదు. ఏ మడతో, ఎవరు వేశారో పిచ్చుక చూడగానే చెప్పగలదు. ఇంకోరోజైతే చెప్పి నవ్వించేది కూడా.

"ఎప్పట్నించి కదలడం లేదు?" అంది నర్సమ్మ.

"తెలీదు."

"తెలీదంటే? నిన్నటినుంచా, ఇవాళ్టినుంచా?"

"తెలీదమ్మా."

నర్సమ్మ ఆమె కేసి ఒకసారి, గోడకానుకుని నిలబడ్డ అత్త కేసి ఒకసారి చూసి, ఇంకేం అడగకుండా పొట్ట మీద చల్లటి జిగురు రాసింది. గుండె చప్పుడు వినిపించే చిన్న గొట్టం లాంటిది ఆనించింది. గరగర. ఇంకొంచెం జరిపింది. గరగర. తర్వాత చప్పుడు దొరికింది. నింపాదిగా, మెట్లు దిగుతున్న మనిషి అడుగుల్లా.

"ఉంది!" అంది పిచ్చుక.

నర్సమ్మ ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ముఖంలో ఏమీ లేదు.

"ఇది నీదమ్మా. నీ గుండే."

అంతకుముందు తన గుండె కొట్టుకోవడం ఎవరినైనా అంత భయపెడుతుందని పిచ్చుక అనుకోలేదు. ఆ గది నిండా తన గుండె ఒక్కటే మోగుతోంది. భయానికి వేగం పెంచింది. ఇంకెవరూ లేరన్నట్టు మోగుతోంది. గోడ దగ్గర అత్త కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సమ్మ గొట్టాన్ని పొత్తికడుపు మీదకు దించింది. కుడికి తెచ్చింది. లోపలికి ఒత్తింది. గరగరలోంచి ఇంకో చప్పుడు బయటికొచ్చింది. సన్నది, గబగబా, గట్టి నేల మీద మేకపిల్ల పరిగెత్తినట్టు.

"ఇదిగో, ఇది మీవాడిది," అంది నర్సమ్మ.

అత్త గోడ వెంట జారి నేలమీద కూర్చుండిపోయింది. పిచ్చుక ఏడవలేదు. ఆ చప్పుడు ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టి వింటోంది.

డాక్టరమ్మ వచ్చింది. పొట్ట చుట్టూ రెండు పట్టీలు బిగించారు. మంచం పక్కన పెట్టెలోంచి కాగితం మెల్లగా బయటికి వస్తోంది. దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత. డాక్టరమ్మ పైగీతను వేలితో వెంబడిస్తూ చాలాసేపు చూసింది.

"గుండె కొట్టుకుంటోంది, మంచిదే. కానీ గీత మరీ చదునుగా ఉంది. ఒక ఎగుడూ లేదు, దిగుడూ లేదు. నిద్రలో ఉన్నా ఇలాగే ఉంటుంది. ఒంట్లో బాగోకపోయినా ఇలాగే ఉంటుంది. లేపి చూస్తే గానీ తెలీదు."

"ఎలా లేపుతారు?" అంది అత్త కింద నుంచే.

డాక్టరమ్మ అరచేతిలో పట్టే ఒక గుండ్రటి వస్తువు చూపించింది. "ఈ నెలకి లోపల చెవులు బాగా వినపడతాయండీ. కళ్లు తెరుస్తారు, మూస్తారు. ఇది మోగితే మనమే ఉలిక్కిపడతాం. వాళ్లు ఎగిరి గంతేస్తారు. గుండె వేగం పెరుగుతుంది. అది చూస్తే నాకు చాలు."

పొట్ట మీద ఆనించి నొక్కింది. జుయ్యిమని మోగింది.

ఎవరూ ఉలిక్కిపడలేదు. గీత అలాగే సాగింది.

ఇంకోచోట పెట్టి నొక్కింది. ఈసారి ఎక్కువసేపు. కాగితం జరుగుతూనే ఉంది. మీద గీత నీళ్లు నిలిచిన మడిలా చదునుగా ఉంది. నర్సమ్మా డాక్టరమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపు పిచ్చుక చూసింది.

"ఏమైందమ్మా?"

"ఇలాగే ఉంటే లోపల ఉంచడం మంచిది కాదు," అంది డాక్టరమ్మ, మాటలు ఏరుకుంటూ. "తియ్యాల్సి రావచ్చు."

"ఇప్పుడే?" అత్త లేచి నిలబడింది. "ఇప్పుడు తీస్తే బతుకుతుందా?"

"ఇంత ముందు పుట్టినవాళ్లు కూడా చాలామంది బతుకుతున్నారు. కానీ ఊపిరితిత్తులు ఇంకా పక్వానికి రాలేదు. ఒంట్లో కొవ్వు ఇప్పుడిప్పుడే పడుతోంది, వేడి నిలుపుకోలేరు. కడుపులో ఉన్న ఒక్కోరోజూ వాళ్లకి లాభమే. అందుకే తొందరపడాలని నాకూ లేదు." మళ్లీ ఆ వస్తువు చేతిలోకి తీసుకుంది. "ఇంకొక్కసారి చూస్తాను."

జుయ్యిమంది. పిచ్చుక కళ్లు మూసుకుంది. ఆ గిలిగింత పొట్టలోంచి వీపులోకి పాకింది. భయంలో కూడా ఆమెకు అదెక్కడో తెలిసిన స్పర్శలా తోచింది.

"మా బల్లలాగే ఉందమ్మా," అంది.

"ఏ బల్ల?"

పిచ్చుక చెప్పబోతే మాటలు తడబడ్డాయి. అత్తే ముందుకొచ్చి చెప్పింది. యంత్రం సంగతి, సిమెంటు గట్టు సంగతి, పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆనించుకున్న పొట్ట సంగతి. తన సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పేసింది. మొగుడికి చెప్పని మాట ముక్కూముఖం తెలీని డాక్టరుకు చెబుతుంటే ఆవిడ గొంతు ఒక్కసారీ తొణకలేదు.

డాక్టరమ్మ చేతిలోని వస్తువును పక్కన పెట్టింది.

"అయితే దీనికి ఉలిక్కిపడకపోవడంలో వింత లేదు. రోజంతా దీంట్లోనే నిద్రపోవడం నేర్చుకున్నారేమో. అదొక్కటే కారణమని మాత్రం నేను అనను. నిజంగానే లేవలేకపోతున్నారేమో, అదీ చెప్పలేను." కాగితం వైపు చూసింది. "కొంచెం సేపు చూస్తాను. అన్ని మోతలూ ఆపేసి చూస్తాను. అప్పటికీ లేవకపోతే ఇక ఆగను. సరేనా?"

ఫ్యాను ఆపారు. తలుపు మూశారు. గుండె చప్పుడు వినిపించే పెట్టె గొంతు కూడా తగ్గించేశారు. నర్సమ్మ చల్లటి పళ్లరసం తాగించి, పిచ్చుకను ఎడమ పక్కకు తిప్పింది. కాగితం కదిలే సన్నటి సవ్వడి తప్ప ఇంకేమీ లేదు.

పిచ్చుకకు అలాంటి నిశ్శబ్దం అలవాటు లేదు. పెళ్లికి ముందునుంచీ ఆ లాండ్రీలోనే ఉంది. అరిచి మాట్లాడడం, అరిస్తే వినడం, అంతే తెలుసు. ఇప్పుడు తన ఒంట్లోంచి వచ్చే చిన్న కబురు కోసం చెవులు రిక్కించి పడుకుంటే, ఎక్కడ వెతకాలో తెలీలేదు. పేగుల్లో ఏదో గుడగుడమంది. అదా? కాదు. తొడలో నరం తుళ్లింది. అదా? అదీ కాదు. ఎన్నాళ్లనుంచో పక్కింట్లో ఉంటున్న మనిషిని ముఖం చూసి గుర్తుపట్టలేనట్టు సిగ్గుపడింది. కళ్లనిండా నీళ్లు ఊరాయి.

చెయ్యి చాచి అత్త చెయ్యి అందుకుంది. వ్యానులో వణికిన ఆ చేతిని తెచ్చి తన పొట్ట మీద పెట్టుకుని, పైన తన చెయ్యి వేసి నొక్కి పట్టింది.

"మీరూ చూడండి అత్తయ్యా. నాకొక్కదానికే నమ్మకం లేదు."

కాగితం జరుగుతోంది. డాక్టరమ్మ గడియారం చూసింది. నర్సమ్మ తలుపువైపు చూసింది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

అప్పుడు కొట్టింది. కుడి పక్కటెముక కింద, లోపల్నించి బయటికి, గుప్పెడంత మడమ ఒకటి చర్మాన్ని ఎత్తి అత్త అరచేతిని తోసింది. దాని వెనకే ఇంకోటి. ఇంత తేడా ఉన్నదాన్ని ఆ ఇనప వణుకుతో ఎలా కలిపేసుకున్నానా అని పిచ్చుకకు ఆశ్చర్యమేసింది.

"అత్తయ్యా!"

"చూశాను! చూశాను తల్లీ!"

గీత మెట్టెక్కినట్టు పైకి లేచింది. కాసేపు అక్కడే నిలబడి, మళ్లీ కిందికి దిగింది.

"లేచారండీ దొరవారు," అంది నర్సమ్మ. "మోత ఆగితే నిద్ర చెడిందేమో."

"ఎంత ఏడిపించావురా, ముదురు వెధవా!" అంది అత్త. తిడుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ నవ్వుతోంది, కోడలి నుదురు నిమురుతోంది. "మీ నాన్న కూడా ఇంతే. పిలిస్తే పలికేవాడు కాదు."

పిచ్చుక కూడా నవ్వింది. నవ్వితే ఛాతీలో మంట ఎగదన్నింది. ఆ మంట కూడా హాయిగా ఉంది ఆమెకు. మూడోసారి తన్నాడు. ఈసారి ఎవరికీ చెప్పకుండా తానొక్కతే దాచుకుంది.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని వెనకటి నుంచి చూసుకొస్తోంది. అందరూ పైగీతను చూస్తుంటే ఆవిడ వేలు కిందిగీత మీద ఉంది. అది దిబ్బలా లేచి దిగింది. కాస్త ఎడమిచ్చి మళ్లీ లేచింది, మళ్లీ దిగింది. నాగలి చాళ్లలా అన్నీ ఒకే ఎడంలో ఉన్నాయి.

ఆవిడ వచ్చి పిచ్చుక పొట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"ఇప్పుడు కడుపు బిగుసుకుంది. నీకు తెలుస్తోందా?"

"తన్నాడు కదమ్మా, అందుకేమో."

"తన్ను కాదు. మొత్తం బిగుసుకుంది, చూడు. ఈ నెలల్లో అప్పుడప్పుడూ బిగిసి వదలడం అందరికీ ఉంటుంది. దానికో లెక్కుండదు, కాసేపటికి అదే పోతుంది. నీకు తాళం వేసినట్టు వస్తున్నాయి. నడుము నొప్పిగా ఉందా?"

"నడుము ఎప్పుడు నొప్పి లేదని అడగండి."

"ఇవాళ వేరేగా ఉందా?"

పిచ్చుక జవాబు చెప్పబోయి ఆగింది. ఆలోచించింది. చెయ్యి వెనక నడుము మీదకు పోయింది.

"పొద్దున్నుంచి... పట్టుకుని వదులుతోంది."

డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంది. అత్తను పక్కకు జరగమంది. చూసింది. చూసి లేచి, తొడుగులు తీసేస్తూ నర్సమ్మతో గొంతు తగ్గించి చెప్పింది. తగ్గించినా ఆ గదిలో ఇంకే మోతా లేదు కనక అన్ని మాటలూ వినపడ్డాయి.

"కాన్పు దారి విచ్చుకోవడం మొదలైంది. ఊపిరితిత్తుల ఇంజెక్షను ఇప్పుడే ఇచ్చెయ్. అది పని చెయ్యడానికి టైము కావాలి, నొప్పులు ఆపే మందు కూడా ఎక్కించు. పిల్లల డాక్టరుకు కబురు పెట్టు."

"ఆగుతాయా?" అంది నర్సమ్మ.

డాక్టరమ్మ మళ్లీ కాగితం అందుకుంది.

అత్త రెండు చేతులూ గాలిలో అలాగే నిలిచిపోయాయి. ఇందాకటి నవ్వు ముఖం మీద ఇంకా పూర్తిగా ఆరలేదు. నర్సమ్మ సూది తేవడానికి పరిగెత్తింది. తలుపు తెరుచుకోగానే వరండాలో బండి చక్రాల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న కేక, అన్నీ ఒక్కసారి లోపలికొచ్చి పడ్డాయి.

పిచ్చుక మోకాళ్లు దగ్గరకు ముడుచుకుని, పొట్టను రెండు చేతులా కిందనుంచి ఎత్తి పట్టుకుంది. ఇందాకటినుంచి కదలమని బతిమాలిన నోటితోనే ఇప్పుడు కదలొద్దని బతిమాలడం మొదలుపెట్టింది.

"వద్దు నాన్నా. లేవకు. పడుకో. ఇంకా టైము కాలేదు, పడుకో..."

ఆమె చేతుల కింద కడుపు మళ్లీ రాయిలా బిగుసుకుంది. ఈసారి వదల్లేదు.